ఆగమ్మ కూసున్న బండ

మా కొట్టంల బర్రెలను కట్టేసే గుంజల ముందట ఒక నల్ల బండ ఉన్నది. మా అత్తమ్మ ఆగమ్మ బతికినన్ని రోజులు దాని మీదనే కూసున్నది. ఆమె పోయినంక దాని మీద ఎవ్వరు కూసుంటలేరు. పొద్దున పాలు పిండినంక నేను దాన్ని కడిగి పసుపు పెడుత, అంతే.

వచ్చే గురువారం నాడు ఆ బండ మీద అత్తమ్మ విగ్రహం బొమ్మ పెడుతరని మా ఆయన కొండల్ చెప్పిండు. నేను ఒద్దన్న. ఆయనతోని నేను ఒద్దన్న మాట అదే మొదలు కావచ్చు. ఆయన విననట్టు చెప్పులేసుకొని బయటికి పోయిండు.

ఎందుకు ఒద్దన్ననో తెల్వాల్నంటే ఆగమ్మ ఎవరో చెప్పాలె.

కొందరు ఆమెను అమ్మవారన్నరు. కొందరు పిచ్చిదన్నరు. నాకు మాత్రం అత్త. పెండ తీసేది, కుడితి కలిపేది, ఉప్పు ఎక్కువైతే కూర గిన్నె పక్కకు జరిపేది. ఆమె పుట్టింది ఈ పట్నంలనే, యాకుత్‌పురాల, రైలు పట్టాల పక్కపొంట ఒక పాలోళ్ల ఇంట్ల. బడికి పోలే. చిన్నగున్నప్పుడే ఇక్కడికి, మా జహనుమాకు తెచ్చి మా మామ రాజన్నకిచ్చి చేసిండ్రు. అప్పుడు మా గల్లీ నిండ కొట్టాలేనట. ఇప్పుడు మాదొక్కటే మిగిలింది, చుట్టూత మేడలు.

ఆమె గిట్ల ఎట్లయిందో ఒకసారి నాకు పెండ ఎత్తుకుంట చెప్పింది.

లచ్చి అని ఒక బర్రె ఉండెనట. ఈనినంక దుడ్డె బతకలే. బర్రె ఎదురుంగ దుడ్డె ఉంటేనే చేపుతది. చేపకుంటే పొదుగు నిండ పాలున్నా చుక్క రాదు. అందుకని పాలోళ్లు అప్పట్ల ఒక పని చేస్తుండిరి. చచ్చిన దుడ్డె తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఎండవెట్టి, లోపల గడ్డి కుక్కి కుడుతరు. కాళ్లకు కట్టెలు పెట్టి బర్రె ముందట నిలవెడుతరు. దాన్ని గడ్డిదుడ్డె అంటరు. బర్రె దాన్ని నాకుతది, పాలు దిగుతయి. మా మామ గూడ గదే చేసిండు.

అదే నెలల అత్తమ్మకు బిడ్డ పుట్టి పోయింది. రొమ్ములు గడ్డలు కట్టినయి. తడి గుడ్డ చుట్టుకొని లచ్చి దగ్గర పాలు పిండ కూసున్నదట. లచ్చి గడ్డిదుడ్డె చెవి నాకుతున్నది. నాకంగ నాకంగ మెడ కాడ కుట్టు విచ్చి గడ్డి బయటికొచ్చింది. లచ్చి ఆ గడ్డి పోచను నోట్లకు గుంజుకొని నమిలిందట. నమిలి, మల్ల చెవి నాకిందట.

“అప్పుడు నీకేమనిపించింది అత్తమ్మా?” అని నేనడిగిన.

“ఏమనిపించలే. అనిపించేదే ఆగిపోయింది.”

గంతే చెప్పింది. పెండ గంప ఎత్తుకొని పోయింది.

ఆ దినం ఆమె లేచి గడ్డిదుడ్డెను తీసి అవతల పెట్టి, ఆ జాగల ఉన్న బండ మీద తను కూసున్నదట. లచ్చి మెడ మీద చెయ్యి పెట్టి కూసున్నది, లేవలే. పాలు లేక గిరాకీ తిరిగిపోయింది. మామ లొల్లి చేసిండు, గుంజిండు, కొట్టిండు. ఆమె కండ్లు తెరుచుకునే ఉన్నయట గని ఎవర్నీ చూస్తలేవట. దయ్యం పట్టిందని పక్కింటి సాయిబు సలహా మీద దర్గాకు తీస్కపోయిండ్రు. అక్కడి ముసలాయన ఆమె మొకం చూసి, “ఈమెను ఏదీ పట్టలే. పట్టుకున్నదంత విడిసిపెట్టింది. ఇంటికి తీస్కపోండ్రి, తిండి పెట్టుండ్రి” అన్నడట. ఈ మాట మామ సచ్చేదాంక చెప్పుకుంట నవ్విండు.

కొన్ని రోజులకు లచ్చి గడ్డిదుడ్డె లేకుండనే చేపింది. ఎక్కువ కాదు, కొంచెమే. అప్పటికెల్లి మా ఇంట్ల గడ్డిదుడ్డె కట్టలే.

జనం రావుడు ఎప్పుడు మొదలైందో నాకు తెల్వది. నేను కోడలుగ వచ్చేనాటికే గురువారం గురువారం వస్తుండిరి. ఎక్కువ మంది ఎవరో ఒకరు పోయినోళ్లే. అత్తమ్మ తాయెత్తు కట్టదు, విబూది ఇయ్యది, చెయ్యెత్తి దీవించది. వచ్చినోళ్లను చూసి తను బండ మీదికెల్లి లేస్తది, వాళ్లను బండ మీద కూసుండవెడుతది, తను కింద పెండ అలికిన నేల మీద కూసుంటది. వాళ్ల చెయ్యి పట్టి బర్రె డొక్క మీద పెడుతది. “ఊపిరి చూడు” అంటది. గదే ఆమె పూజ, గదే మంత్రం.

ఒకసారి చాంద్రాయణగుట్టకెల్లి ఒకామె వచ్చి, “మా ఆయన స్వర్గంల నన్ను చూసుకుంట సంబురపడుతుండు గదా అవ్వా?” అన్నది.

“నాకెట్ల తెలుస్తది బిడ్డా, నేను పోలే గదా” అన్నది అత్తమ్మ. అందరు నవ్విండ్రు, ఆమె గూడ నవ్వింది. అప్పుడు అత్తమ్మ మెల్లగ అన్నది, “పోయినోళ్ల జాగల ఏదో ఒకటి కుక్కకు. ఖాళీగ ఉండనియ్యి. ఖాళీ ఉంటేనే అండ్లకెల్లి గాలొస్తది. దేవుడంటే నాకు తెలిసింది ఆ గాలే.”

ఇంతకన్న పెద్ద మాట ఆమె నోట నేను వినలే.

గోపాలకృష్ణమూర్తి అని ఒక సారు అప్పట్లనే వచ్చిండు. ఆంధ్ర దిక్కాయన, నయాపూల్ దగ్గర ఆఫీసుల పని చేసి రిటైరైండు. ముందుగాల పాల కోసమే వస్తుండె. ఆయన భార్య రాజరాజేశ్వరి గారు పోయినంక ఒక పొద్దున పాల క్యాను పట్టుకొని అట్లనే నిలబడ్డడు, పోయించుకునుడు మర్చిపోయిండు. అత్తమ్మ లేసి, “కూసో నాయనా” అన్నది. ఇస్త్రీ ప్యాంటు తోని ఆ బండ మీద కూసున్నడు.

“ఆవిడ ఎక్కడుందండీ ఇప్పుడు?” అన్నడు.

“నువ్వు ఏడున్నవో చూస్కో ముందుగాల” అన్నది అత్తమ్మ.

అప్పటికెల్లి ఒక్క గురువారం తప్పలే ఆయన.

ఇగ మా లావణ్య సంగతి. నా బిడ్డ. ఐదో తరగతిల ఉండె. జ్వరమొచ్చింది, దవాఖానకు తీస్కపోయినం, తిరిగి తెచ్చినం. ఇంతకన్న రాయలేను.

ఇంటికొచ్చినోళ్లంత ఏదో ఒకటి చెప్పిండ్రు. మల్ల నీ కడుపులనే పుడుతదన్నరు. మంచోళ్లను దేవుడు తొందరగ పిలుస్తడన్నరు. మా ఆడబిడ్డ విమల తన చిన్న బిడ్డ మనస్వినిని తెచ్చి నా ఒళ్లె కూసుండవెట్టి, “ఇగ ఇది నీ బిడ్డనే వదినే, నీ దగ్గర్నే ఉంచుకో” అన్నది. ఆ పిల్ల నన్ను చూసి భయపడి ఏడ్చింది. నేను ఏడ్వలే. నాకు అప్పుడు రాలే, తర్వాత గూడ రాలే. తింటున్న, పండుకుంటున్న, పాలు పిండుతున్న. మొద్దు లెక్క.

అత్తమ్మ మాత్రం నాకేమీ చెప్పలే. లేసి నన్ను బండ మీద కూసుండవెట్టింది. నా చెయ్యి బర్రె మీద పెట్టింది. తను కింద కూసున్నది. రోజూ గంతే. ఒకనాడు నాకు కోపమొచ్చింది.

“ఏదన్న చెప్పు అత్తమ్మా! ఊరంత నీ దగ్గరికి వస్తది, నాకొక్క మాట చెప్పవేంది?”

“చెప్తే అది గూడ కుక్కిన గడ్డే అయితది బిడ్డా” అన్నది.

నాకు అర్థం కానిది ఒకటున్నది. లావణ్య బడి గౌను ముందటి రూంల మేకుకు వేలాడుతనే ఉన్నది. నేను రోజూ దాని కాలరు ముక్కు కాడ పెట్టుకుంట. వాసన ఎప్పుడో పోయింది. ఉత్త గుడ్డ వాసన. తెలిసి గూడ పట్టుకుంట. అత్తమ్మ చూసింది. పోయినోళ్ల జాగల ఏదీ పెట్టకని అందరికి చెప్పిన మనిషి, నాకు ఆ గౌను తియ్యుమని చెప్పలే. ఒకసారి నేను ఊడుస్తుంటే అది కింద పడ్డది. ఆమె తీసి, దులిపి, మల్ల మేకుకే తగిలించింది. ఎందుకట్ల చేసిందని నేనడగలే. ఇగ అడగటానికి ఆమె లేదు. పోయిన చలికాలం, బండ మీద కూసున్నట్టే బర్రె డొక్కకు తల ఆనిచ్చి పోయింది.

బొమ్మ గురువారం పొద్దుగాల ట్రాలీ ఆటోల వచ్చింది. దాని మీద పువ్వుల దుప్పటి కప్పి ఉన్నది. ముందట దాన్ని చేయించిన గోపాలకృష్ణమూర్తి సారు, వెనక మా ఆయన. గల్లీలోళ్లంత చేరిండ్రు. దుప్పటి తీసిండ్రు.

ఫైబర్ బొమ్మ. తెల్లగ ఉన్నది. పట్టుచీర, ముక్కుపుడక, నిండు నవ్వు, దీవించుకుంట ఎత్తిన చెయ్యి. ఎదురింటి షాహెదా ఆపా దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“యే ఆగమ్మ నై రే కొండల్, కోయీ మినిస్టర్ కీ బీవీ దిస్‌రీ” అన్నది. మినిస్టర్ పెండ్లాం లెక్కున్నదని. నవ్వాగక నోటికి కొంగడ్డం పెట్టుకున్నది.

“ఏందాపా నువ్వు!” అని మా ఆయన సిగ్గుపడ్డడు.

“గింత సున్నం ఎందుకు కొట్టిండ్రు భాయ్? ఆమె జిందగీల గింత తెల్లగ పాలు తప్ప ఏం చూడలే.”

సారు నవ్వలే. “లోపలికి తేండయ్యా, జాగ్రత్త” అన్నడు.

బొమ్మను ఎత్తుకొని కొట్టం దాంక వచ్చిండ్రు. నేను పోయి బండకు అడ్డం నిలబడ్డ.

“ఇక్కడ ఒద్దు” అన్న.

“ఆండాలూ, జరుగు. మంది ముందట ఏంది గిది?” అన్నడు మా ఆయన.

“ఇక్కడ పెడితే ఇగ ఎవ్వరు కూసోరు. మొక్కి పోతరు. ఆమె గడ్డిదుడ్డె ఒద్దన్నది. మీరు ఆమెనే గడ్డిదుడ్డె చేస్తున్నరు.”

మా ఆయన తల దించుకున్నడు. ఆయన ఆమె కొడుకు గదా, ఆయనకు తెల్వంది కాదు. బొమ్మను మెల్లగ నేల మీద దించిండ్రు. సారు నా దగ్గరికొచ్చిండు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

“ఇది ఆవిడ కాదని నాకు తెలీదా ఆండాలమ్మా? బొమ్మలు చేసేవాడి దగ్గర రోజూ కూర్చుని చేయించాను. ముక్కు సరిగ్గా రాలేదని వాడితో పోట్లాడాను. లోపలంతా డొల్ల అని కూడా తెలుసు. తెలిసే తెచ్చుకున్నాను. గురువారం పొద్దున స్నానం చేసి బయల్దేరతాను కదా, ఇక్కడికొచ్చి ఎవరికెదురుగా కూర్చోమంటారు?”

లచ్చి యాదికొచ్చింది. అది గడ్డి నమిలింది. గడ్డి అని దానికి తెలుసు. నమిలి మల్ల చెవి నాకింది. ఈ సంగతి అత్తమ్మ చెప్పినప్పుడు నేను దుడ్డె గురించే అనుకున్న, లచ్చి గురించి అనుకోలే. గౌను తీసి మల్ల మేకుకు తగిలించిన ఆమె చెయ్యి గూడ కండ్ల ముందట కనవడ్డది.

సారు చేతుల పాల క్యాను ఖాళీగనే ఉన్నది. ఆ హడావిడిల గూడ మర్చిపోకుండ తెచ్చుకున్నడు.

అత్తమ్మ ఎన్నడూ ఎవరన్న వస్తే ఆ బండ మీద కూసోలే. వచ్చినోళ్లకే ఇడిసింది. నేనేమో ఆమె పోయినకాడికెల్లి దాన్ని కడిగి పసుపు పెట్టుకుంట కూసున్న. ఎవ్వర్ని కూసోనియ్యలే. నేను గూడ కూసోలే.

“బొమ్మను ముందటి రూంల పెట్టుకుందాం సారూ. మీరెప్పుడొచ్చినా తలుపు తీసే ఉంటది” అన్న. “బండ మీద మాత్రం మీరు కూసోండ్రి.”

“నేనా? ఆవిడ స్థానంలోనా? తప్పమ్మా.”

“మొదటిరోజు ఎక్కడ కూసున్నరు మీరు?”

ఆయన చెప్పులిడిసి, ప్యాంటు పైకి గుంజుకొని, పసుపు బొట్ల మీదనే కూసున్నడు.

మా ఆయన, ఇంకో ఇద్దరు బొమ్మను ఇంట్లకు తీస్కపోయిండ్రు. లోపలికెల్లి షాహెదా ఆపా గొంతు వినవడ్డది. “అరే సంభాల్కే, పైలం! చెయ్యి తగుల్తది, పిల్ల గౌనుకు తగుల్తది!” బొమ్మ ఎత్తిన చెయ్యి గౌను మేకు కిందికొచ్చినట్టున్నది. మా ఆయన తలుపు కాడికొచ్చి నన్ను చూసిండు.

“గౌను తీసి బీరువాల పెట్టాల్నా?”

“ఉండనియ్యి. బొమ్మనే జర పక్కకు జరుపు.”

ఆయన లోపలికి పోయిండు.

మా బర్రె గంగ అప్పటికే మెడ తిప్పి తిప్పి చూస్తున్నది, పాలు పిండే యాల మించిపోయిందని. నేను బకెటు తెచ్చుకొని కింద కూసున్న. సారు చెయ్యి పట్టి గంగ డొక్క మీద పెట్టిన. ముసలి చెయ్యి, సన్నగ ఉన్నది.

“ఏం చెయ్యాలమ్మా?” అన్నడు, కొత్తగ వచ్చినోని లెక్క.

“ఏం లేదు సారూ. ఊపిరి చూడుండ్రి.”

ఆయన కండ్లు మూసుకున్నడు. గంగ డొక్క పైకి లేస్తున్నది, దిగుతున్నది, దాని తోని ఆయన చెయ్యి గూడ. నేను పొదుగు కడిగి కూసున్న. జర సేపు ఏమీ రాలే. తర్వాత చేపింది. బకెట్ల మొదటి ధార చప్పుడైంది.

నాకు ఏడుపు రాలే. వస్తదని గూడ అనుకోలే. పాలు వేళ్ల మీదికెల్లి జారుతుంటే వెచ్చగ తగిలినయి. రోజూ తగిలేవే. ఇయ్యాల తెలిసింది.