యాభై దగ్గర తెగిన మాట

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, గోదావరిఖనిలో మా చర్చి స్త్రీల సమాజం నడిపిన సాయంత్రపు బడిలో. చదవడం కాస్త కుదిరాక, ఎవరికి తోచింది వాళ్లు రాయమన్నారు. నేను ఒక పేజీ రాశాను. అప్పుడు కంప్యూటర్ కోర్సు చేస్తున్న మా అమ్మాయి, చేతికి అలవాటు కావాలని సమాజానికి ఒక వెబ్‌సైట్ తయారుచేసి మా అందరి రాతలూ అందులో పెట్టింది. మొదటి పేజీలో ఒక్కొక్కరి రాతలోంచి చిన్న ముక్క, దాని కింద ‘ఇంకా చదవండి’ అని.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నస్పూర్ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. ఆటో దిగుతూనే ఏడుపు అందుకుంది. మా ఆయన మొదటి షిఫ్టు దిగివచ్చి వరండాలో అన్నం తింటున్నాడు.

“ఏందే, ఎవరు పోయిండ్రు?” అన్నాడు.

ఆమె ఆయన్ని చూసి గడప మీదే కూలబడింది. “నువ్వే అన్నా. నా కోడలు నెట్ సెంటర్ల చూసింది. వదినెనే రాసిందట.”

“గట్లనా. అయితే కూర ఇంకింత వెయ్యుమను మీ వదినెను.”

అమ్మాయి కంప్యూటర్ తెరిచింది. నేను కూడబలుక్కుంటూ చదివాను. ‘ఆ రోజు పొద్దున వంట చేస్తుంటే మా ఆయన గనిలో చనిపోయాడ...’ అక్కడితో ఆగింది.

“సబ్‌స్ట్రింగ్ అంటరమ్మా. ఎక్కడి నుంచి ఎక్కడిదాక అని చెప్తే గంత ముక్క తీసిస్తది. అక్షరాలు, గుణింతాలు, ఖాళీలు అన్నీ లెక్కేసి అందరివీ యాభై దగ్గర తెంపుమన్న,” అంది అమ్మాయి. మళ్లీ తనే, “నాయిన బతికే ఉన్నడని ముందుగాల రాస్తే అయిపాయె,” అంది.

నేను ఒప్పుకోలేదు. ఆ రోజు నాకూ సగం మాటే ముందు అందింది. పొయ్యి మీద పప్పు అట్లాగే వదిలేసి, చెప్పులు లేకుండా దవాఖాన దాకా ఉరికాను. మిగతా సగం అక్కడికి చేరాకే తెలిసింది. నేను రాసింది ఆ వరసలోనే.

“నా రాత మార్చకు బిడ్డా. ఆ తెంపేది మార్చు.”

అమ్మాయి చాలాసేపు కొట్టింది, చెరిపింది. చివరికి, యాభై అని కాకుండా మొదటి వాక్యం ఎక్కడ ముగుస్తుందో వెతికి అక్కడిదాకా తీసేలా చేసింది. అందరి ముక్కలూ చిన్నగా ఉంటే నాదొక్కటే కిందికి వేలాడింది.

“వంకరగ కనిపిస్తుంది,” అంది.

“ఉండనీ.”

ఆడబిడ్డకు చదువు రాదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఈసారి చివరిదాకా చదివాను. ‘...చనిపోయాడని కబురొచ్చింది కాని దవాఖానకు పోయి చూస్తే ఆయన కాలికి కట్టుతో మెట్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.’

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని అన్నవైపు తిరిగింది. “మేమంత గింత పరేషానైతుంటే నీకు చాయ్ ఎట్ల దిగిందే అన్నా?”

“వేడిగ ఉండె,” అన్నాడాయన.

నేను లేచి చాయ్ పెట్టాను.