ఆటోలో పట్టే బతుకమ్మ

కరీంనగర్‌లో మా అమ్మాయి చదివే బడికి, పిల్లలకు ప్రణాళిక వేసుకోవడం నేర్పే నిపుణుడొకాయన నెలకోసారి వస్తాడు. ఎన్ని గంటలకు వస్తాడో మాత్రం ఇంతవరకు ఎవరి ప్రణాళికకూ అందలేదు.

దసరా సెలవులకు ముందు ఆయన పోటీ పెట్టాడు. ముగ్గురేసి పిల్లలు కలిసి బతుకమ్మను పేర్చి, బడి హాల్లోకి తేవాలి. పెద్దలు వేలు పెట్టకూడదు. మా అపార్ట్‌మెంట్ తల్లిదండ్రులు ఎంతో గంభీరంగా తలలూపారు. సాయంత్రం పూల మార్కెట్లో అందరూ కనిపించారు.

నిరుడు మా అమ్మాయి బతుకమ్మ నా స్కూటర్ మీద బయల్దేరింది. బడికి చేరేసరికి పూలన్నీ రాలి, అడుగున పెట్టిన వెదురు సిబ్బి మిగిలింది. పిల్లలంతా ఆడుతుంటే తను గోడ పక్కన నిలబడింది. అందుకే ఈసారి ఎలాగైనా చేరాలని పట్టు. నా స్కూటర్‌ను చర్చకు కూడా తీసుకోలేదు. జట్టులో ఒక పిల్ల ఆటోలో వస్తుంది కాబట్టి ఆటోనే ఖాయమైంది.

మా అమ్మాయికి నడుమెత్తు బతుకమ్మ కావాలి. ఆటో పిల్ల ఒప్పుకోలేదు.

"గంతది యాడ పడుతదే? ఆటోల ఏడుగురం కూసుంటం. నా ఒళ్లె పెట్టుకోవాలె."

"జర వంగి కూసో."

"నేను వంగుత. గౌరమ్మ వంగుతదా?"

కాసేపు అలక. తర్వాత ఆ పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి, ఒడి నుంచి గడ్డం దాకా జానతో కొలిచారు. అదే ఎత్తు. మూడో పిల్ల వాళ్ల నాయన మగ్గం నడుపుతాడు. ఆమె దారం తెచ్చింది.

"నడుమ ఆకు గట్టిగ కూరుండ్రి. గుంతల్ల ఎగిరితే పూలు జారుతయ్."

నిపుణుడు పిల్లలకు పంచిన ప్రణాళిక చార్టులో గుంతల ప్రస్తావన లేదు.

మర్నాడు మావాళ్ల బతుకమ్మ ఒక్క గునుగు పువ్వు రాలకుండా ఆటో దిగింది. వెనకే మా పై అంతస్తు వాళ్లది ట్రాలీలో వచ్చింది. నలుగురు తండ్రులు మోసుకొచ్చారు. హాలు గుమ్మం దగ్గర ఆగింది.

"అడ్డం తిప్పుండ్రే."

"బతుకమ్మను అడ్డం తిప్పుతరా అన్నా? బీరువానా?"

ఆ జట్టు పిల్లలు ముగ్గురూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. వాళ్లకు అప్పగించిన పని అదే మరి.

'ఉన్నతమైన లక్ష్యం' పెట్టుకున్నందుకు నిపుణుడు బహుమతిని గుమ్మం బయటున్న బతుకమ్మకే ఇచ్చాడు. తండ్రులు ఫొటో దిగారు. ఫొటోలోకి పిలుద్దామని చూస్తే పిల్లల్లేరు. హాల్లో, గడ్డమెత్తు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. నేను అలవాటుగా గోడ వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.