ఎనిమిది అంగుళాల ఐసు

ఒక చలికాలం నేను నాలుగు రోజులపాటు అబద్ధం రాశాను. డైరీలో కాదు, అందరూ చదివే చోట, సుద్దముక్కతో, పెద్ద పెద్ద అంకెల్లో. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పలేదు, ఇండియా నుంచి వచ్చి నెలల తరబడి ఉండి వెళ్ళిన అక్కకి చెప్పలేదు. మావారికి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను గాని, ఆయన పోయి ఆరేళ్ళయింది కనక ఇక ఆ అవకాశమూ లేదు.

మొన్న జనవరిలో, అమెరికా దక్షిణాన ఉన్న ఈ అల్ఫారెట్టాలో మూడు రోజులు వరసగా చలి విరగబడి, మా కాలనీ మధ్యనున్న చిన్న చెరువు మీద పాల మీద మీగడలా పల్చగా ఐసు పేరుకుంది. కాలనీ సంఘంవాళ్ళు మధ్యాహ్నానికల్లా గట్టున ఒక బోర్డు పాతారు, ఎవరూ ఐసు మీద అడుగు పెట్టకూడదని. శనివారాలు అక్కడ గాలం వేసుకునే పక్కింటి అబ్బాయి, మనవాడే, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు, గరాజ్‌లో నిలబడి గాలపు కర్ర తుడుచుకుంటూ, "ఈ వీకెండ్ ఫిషింగ్ క్యాన్సిల్ ఆంటీ, టూ కోల్డ్" అన్నాడు. నవ్వాను. లోపలికొచ్చాక మాత్రం స్వెట్టరైనా విప్పకుండా కుర్చీలో చాలాసేపు కూర్చుండిపోయాను. వయసు వల్ల వచ్చిన అలసట అనుకున్నాను మొదట. వయసొక్కటే కాదు.

డెబ్భైల చివర, పెళ్ళయిన కొత్తల్లో, మావారికి మిన్నెసోటా ఉత్తరాన ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం వచ్చింది. చెరువు ఒడ్డున ఒక దుకాణం పైన రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. వాళ్ళు లేక్ అంటారు, అవతలి ఒడ్డు కనిపించదు, అయినా నా డైరీలో మాత్రం అది చెరువే. కింద దుకాణంలో చేపలు పట్టేవాళ్ళకి కావలసినవన్నీ అమ్మేవారు: గాలాలు, దారాలు, ఉన్ని చేతితొడుగులు, అన్నిటికంటే ముఖ్యంగా ఎర. నడిపేది ఒక పెద్దాయన, ఆయన భార్య. ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదువుతూ డైరీ రాసుకుంటే నీకు ఇంగ్లీషు రాదు, మనుషులూ అలవాటు కారు అని మావారు నన్ను పోరి పోరి ఆ దుకాణంలో పనికి పెట్టారు. ఎర అంటే తొట్లలో ఈదే బతికున్న బుల్లి చేపలు. చిన్న వలతో ముంచి, డజను లెక్కపెట్టి, నీళ్ళ సంచిలో పోసి ఇవ్వాలి. పుట్టి బుద్ధెరిగిన తరవాత చేప వాసనైనా సోకని ఇంటి పిల్లని నేను. అమ్మకి ఉత్తరంలో దుకాణం సంగతి రాశాను గాని తొట్ల సంగతి రాయలేదు. వల ముంచినప్పుడల్లా తెలియకుండానే నా పెదాలు కదిలేవి కాబోలు, అది చూసి పెద్దాయన తమ్ముడు, "ఏం అమ్మాయ్, చేపలకి క్షమాపణ చెప్పుకుని మరీ అమ్ముతున్నావా?" అనేవాడు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా గొల్లుమనేవాళ్ళు. ఆయన అన్నది ఇంగ్లీషే, కాని ఆ రోజుల మాటలన్నీ నా డైరీలో తెలుగులోనే ఉన్నాయి కనక నాకు తెలుగులోనే గుర్తు.

ఆ తమ్ముడికి అప్పటికి అరవై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఎండాకాలం వడ్రంగం, చలికాలం చేపలు. మాట్లాడడం రాని నాతో గంటలకొద్దీ మాట్లాడింది ఆ ఊళ్ళో ఆయనొక్కడే. మీ దేశంలో చలికాలం చేపలు ఎలా పడతారని అడిగేవాడు. మా ఊళ్ళో ఎదురింటి తాత గుర్తొచ్చేవాడు. పుష్యమాసంలో తెల్లవారుజామున కాలవగట్టుకు వెళితే ఏం లాభం, చలికి చేప నోరు తెరవదు అంటూ, తలకు తువ్వాలు చుట్టుకుని చుట్ట కాల్చుకుంటూ, ఎండ నీళ్ళలోకి దిగేదాకా అరుగు మీదే కూర్చుని, పదింటికి గాలం తీసుకుని బయల్దేరేవాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా చెబితే ఆయన తొడ చరుచుకుని, "చూశావా, చేప ఎక్కడైనా చేపే! ఇక్కడా అంతే, బద్ధకం దానికి, చిన్న ఎర వేసి ఓపిగ్గా కూర్చోవాలి. తేడా అల్లా మీ తాతకి ఎండ ఉంది, నాకు కిరసనాయిలు పొయ్యి ఉంది" అన్నాడు. ఐసు మీద చెక్క గుడిసె నిలబెట్టుకుని, నేలకి, అంటే ఐసుకి, కన్నం తొలిచి, ఆ కన్నంలోకి దారం వదిలి, పొయ్యి పక్కన రోజంతా కూర్చునేవాళ్ళు అక్కడి జనం. మొదటిసారి చూసినప్పుడు వీళ్ళకి మతి లేదనుకున్నాను. తరవాత తరవాత, ఆ నిశ్శబ్దం చూసి, నాలాంటి వాళ్ళ కోసమే పెట్టిన ఆట ఇది అనిపించింది.

దుకాణం తలుపు పక్కన ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద రోజూ ఉదయం ఐసు ఎన్ని అంగుళాల మందం ఉందో పెద్దాయన రాసేవారు. ఒడ్డు నుంచి యాభై అడుగులు లోపలికి నడిచి, చేత్తో తిప్పే పొడవాటి బర్మాతో కన్నం తొలిచి, గీతలు పెట్టిన కొక్కెంపుల్ల దింపి చూసి వచ్చేవారు. నాలుగంగుళాలుంటే మనిషి నడుస్తాడు, ఎనిమిదయితే బండి దిగుతుంది. ఇది ఆ ఊరి లెక్క. ఊరంతా ఆ అంకె చూసే చెరువులోకి దిగేది. ఆ రెండో చలికాలం, డిసెంబరు నెలలో, పెద్దాయన పెరట్లో జారిపడి నడుం పట్టేసి మంచమెక్కారు. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పులు. బర్మా నా చేతికొచ్చింది.

నాలుగైదు రోజులు వెళ్ళాను. ఆరో రోజు ఉదయం బర్మా ఆనించానో లేదో, దూరంగా ఎక్కడో మొదలైన ఒక చప్పుడు, పెద్ద ఇనపడ్రమ్ము మీద కొరడాతో కొట్టినట్టు, నా కాళ్ళ కిందినుంచి సాగుతూ అవతలి ఒడ్డుకు పోయింది. బర్మా అక్కడే పారేసి ఒడ్డుకి పరిగెత్తాను. చలి ముదిరి ఐసు గట్టిపడుతున్నప్పుడు అలా మూలుగుతుందని, అది భయపడాల్సిన చప్పుడు కాదని, ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియదు. తెలియదని ఎవరినైనా అడిగి ఉంటే సరిపోయేది. డాక్టరుగారి భార్య ఐసు చప్పుడుకి పరిగెత్తుకొచ్చిందని దుకాణంలో నవ్వుతారని, ఆ నవ్వు తలుచుకుంటేనే ప్రాణం చచ్చిపోయి, మధ్యాహ్నం నాలుగడుగులు వేసి బర్మా మాత్రం తెచ్చుకున్నాను.

ఆ రోజునుంచి నేను చెరువు మీదకి వెళ్ళలేదు. పైన గదిలో కూర్చుని డైరీ ముందేసుకునేదాన్ని. పెద్దాయన రాసిన అంకెలు, నేను కొలిచినవి, రేడియోలో చెప్పిన చలి, అన్నీ రోజువారీగా రాసుకుని ఉన్నాను కనక, ఇంత చలికి ఇంత ఐసు పెరిగింది, కాబట్టి నిన్నటికి నేటికి ఇంత పెరిగి ఉంటుందని లెక్క వేసి, కిందికి వెళ్ళి సుద్దముక్కతో రాసేదాన్ని. విచిత్రమేమిటంటే మొదటి రెండు రోజులూ నా లెక్క సరిపోయింది. కన్నాలు తొలుచుకున్నవాళ్ళు తిరిగొచ్చి, బాగా కొలుస్తున్నావే అని మెచ్చుకున్నారు. సిగ్గుపడాల్సింది పోయి లోలోపల మురిసిపోయాను కూడా. మూడో రోజంతా మోకాలి లోతు మంచు కురిసింది, చెరువు మీద ఎవరూ దిగలేదు. ఆ రాత్రి నుంచి చలి ఇంకా ముదిరింది. చలి ముదిరితే ఐసు ఎక్కువ పెరగాలి కదా? నాలుగో రోజు ఉదయం ఎనిమిది అని రాశాను. పైన కురిసిన మంచు దుప్పటిలా కప్పేస్తుందని, ఆ దుప్పటి కింద ఐసు పెరగడం దాదాపు ఆగిపోతుందని నా లెక్కలో లేదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

అందరికంటే ముందు వచ్చినవాడు పెద్దాయన తమ్ముడే. వెనక గుడిసెని కట్టుకుని చిన్న ట్రక్కులో వచ్చి, దిగి, బోర్డు ముందు ఒక్క క్షణం నిలబడి, కిటికీలోంచి నాకు టోపీ ఎత్తి చూపించి, మళ్ళీ ఎక్కి చెరువులోకి నడిపించాడు. నేను తొట్లలో నీళ్ళు మారుస్తున్నాను. ఆ విరిగిన చప్పుడు కొరడా చప్పుడులా లేదు. చిన్న చప్పుడే అది.

ట్రక్కు ముందుభాగం మునిగిపోతుంటే ఆయన కిటికీలోంచి బయటపడ్డాడు. తరవాత వచ్చినవాళ్ళు నిచ్చెన పడేసి, తాడు విసిరి లాగారు. అంతా అయ్యేసరికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో చేపల వల అలాగే ఉంది.

ఆయనకి వైద్యం చేసింది మావారే. ఆ రాత్రి ఆలస్యంగా వచ్చి, కంచం ముందు కూర్చుని, బతికాడు అన్నారు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తీసేయాలి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, ఇక చలిలో కూర్చునే పని జన్మలో పనికిరాదు అన్నారు.

"పాపం, ఎనిమిదంగుళాలని రాసి ఉందిట కదా?"

"ఊఁ."

"విరిగినచోట అయిదే ఉందిట. అడుగున ఎక్కడో ఊట ఉండి ఉంటుందని మీ పెద్దాయన అంటున్నాడు. నువ్వేమీ మనసులో పెట్టుకోకు."

మజ్జిగ వడ్డించాను. చెప్పాల్సిన సమయం అదే. నాకంతా తెలుసు, ఆయన మజ్జిగలో ఉప్పు కలుపుకునేంతసేపు ఉంది ఆ సమయం, తరవాత అయిపోయింది. ఆ రోజు నా డైరీ పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: ఈ రోజు చలి ఎక్కువ. ఊరంతా ఊటనే తిట్టింది. నన్ను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు.

మర్నాటినుంచి ప్రతి ఉదయం బర్మా భుజాన వేసుకుని వెళ్ళాను. పెద్దాయన లేచి తిరుగుతున్నా, నేనే చూస్తానని చెప్పి, ఆ చలికాలమూ, ఆ తరవాత మూడు చలికాలాలూ నేనే కొలిచాను. ఐసు మూలిగేది, నేను వణికేదాన్ని, అయినా తొలిచేదాన్ని. భయం పోలేదు, అలవాటైంది. బర్మా తిప్పీ తిప్పీ భుజాలు పడిపోయి, సాయంత్రానికి కూర వండే ఓపిక ఉండేది కాదు. ఎందుకింత అవస్థ అని మావారు విసుక్కునేవారు. ఒక్కచోట కాదు, నాలుగుచోట్ల తొలిచేదాన్ని.

ఎనభైల నడుమ మావారికి జార్జియాలో ఉద్యోగం వచ్చి ఇటు దిగిపోయాం. అప్పుడు ఈ అల్ఫారెట్టా అంతా గుర్రాల దొడ్లూ మట్టి రోడ్లూ. ఇక్కడి వాళ్ళకి చలికాలం అంటే మధ్యాహ్నం ఎండలో పడవ వేసుకుని, చేప లోతుకి దిగింది కాబట్టి ఇంకాస్త దారం వదలడం, కాఫీ తాగుతూ చలి గురించి సణుక్కోవడం. నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయి. మేము వచ్చిన రెండో ఏడే పెద్దాయన తమ్ముడు పోయాడని ఆయన వదిన ఉత్తరం రాసింది. ఇప్పుడు ఐసు మందం కూడా ఫోనులోనే చూసుకుంటారుట, మా అమ్మాయి చూపించింది, రంగురంగుల పటంలో. ఆ అంకె ఎవరు కొలిచారో, ఎవరైనా కొలిచారో లేదో ఎవరికీ పట్టదు. ఆ చల్లటి ఉదయాలూ, పొద్దున్నే లేచి వెళ్ళి చూసి రావడమనే అలవాటూ, ఆ అంకెను నమ్మి టోపీ ఎత్తే మనుషులూ అన్నీ వెళ్ళిపోయాయి. వాటిని తలుచుకోవడానికి కూడా ఈ మధ్య అలసటగా ఉంటోంది.

మిన్నెసోటాలో ఆ ఊరు వదిలే ముందు రోజు సున్నుండలు డబ్బాలో పెట్టుకుని పెద్దాయన తమ్ముడి ఇంటికి వెళ్ళాను. చెరువు వైపు కిటికీ దగ్గర కూర్చుని, గుడిసెల వైపు చూస్తున్నాడు. ఒక ఉండ నోట్లో వేసుకుని, మీరు వెళ్ళే చోట నీళ్ళు గడ్డకట్టవట కదా, అయితే అక్కడ చేపలు పట్టడం ఏం గొప్ప, ఎవడైనా పడతాడు అని ఎగతాళి చేశాడు. చెప్పేద్దామని నాలుగు సార్లు నోరు తెరవబోయాను. చలికి నీటి అడుగున పడుకున్న చేప లాగే అయింది నా నోరు. లేచి బూట్లు వేసుకుంటుంటే, ఆయన కిటికీలోంచి చూపు తిప్పకుండానే అన్నాడు, "ఆ రోజు మంచు మీద నీ అడుగుల గుర్తులు లేవు అమ్మాయ్. నేను చూశాను. చూసి కూడా బండి దించాను, నలభై ఏళ్ళు ఈ చెరువు మీద తిరిగినవాణ్ణి కదా, ఆ పొగరు. అది నా తప్పు." అప్పుడు నా వైపు తిరిగి, కోపం లేకుండా, చాలా మామూలుగా, దుకాణంలో ఎర అడిగినట్టే అన్నాడు:

"ఇంకెప్పుడైనా తెలియకపోతే, తెలియదని రాయి."