పెంకుల దాకా లేవని గోడ

మధ్యాహ్నం మూడు దాటింది. తిరుచానూరు లాడ్జి గదిలో ఉండి, బస్టాండు దగ్గరి ఇంకో లాడ్జిలో ఎవరెవరు ఏ గదిలో దిగారో వరుసగా చదవగలిగాను. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ల పేర్లు, ఊళ్లు కూడా. నాకు భయం వేసింది అప్పుడే.

గది అంటే నిజం గది కాదు. తిరుపతిలో నేను పనిచేసిన చిన్న ఆఫీసులో ఒకే ఒక లినక్స్ కంప్యూటర్ ఉండేది. మూడు లాడ్జీల బుకింగులు దానిలోనే నడవాలి, ఒకరివి ఇంకొకరికి కనబడకూడదు. శుక్రవారం తెరుస్తామని మా యజమాని లాడ్జీలవాళ్లకు మాటిచ్చాడు. సరిచూసుకోవడానికని వాళ్లిచ్చిన అసలు జాబితాలే ముందుగా ఎక్కించాను. నాకు తెలిసిన పద్ధతి సీహెచ్‌రూట్ ఒక్కటే. ప్రోగ్రామును ఒక ఫోల్డర్లోకి పంపి, లోకమంతా ఇంతేనని నమ్మించడం. అయితే పనికొస్తుందని, మొత్తం కంప్యూటర్లో ఏమేం నడుస్తున్నాయో చూపించే డైరెక్టరీని నేనే లోపలికి తెచ్చిపెట్టాను. దాని గుండా బయటికి దారి ఉందని ఆ మధ్యాహ్నం దాకా తెలియదు.

మేముండే పోర్షన్ గుర్తొచ్చింది. ఒకే పెంకుటింటిని అడ్డగోడలు పెట్టి నాలుగు చేశారు. ఆ గోడలు పెంకుల దాకా లేవవు. మా పోపు ఘాటుకు పక్కవాళ్లు తుమ్ముతారు. నేను కట్టింది కూడా అలాంటి గోడే.

మా యజమానికి వెంటనే చెప్పాను. ఎవరు చూడొచ్చారు, శుక్రవారం కానివ్వమన్నాడు. లినక్స్ లాంటిదే ఫ్రీబీఎస్‌డీ, అందులో జైలు అనే గట్టి గోడ ఒకటుంది, లాడ్జీలను దాంట్లో పెడితే మేలన్నాను.

"సామి భక్తుల్ని జైల్లో పెడతానంటావేమ్మా?" అని నవ్వినాడు. తర్వాత నవ్వకుండా, పొద్దున వచ్చి ఏదో ఒకటి తేల్చమన్నాడు. శుక్రవారానికి కాకపోతే ఈ పనికి వేరేవాళ్లను చూసుకుంటానన్నాడు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఇంటామె ఎదురొచ్చింది. బడి వదిలాక నా పిల్లలిద్దరూ ఆమె దగ్గరే ఉండేవాళ్లు.

"మీ అమ్మ యాడికి పోయిందే అంటే జైల్లో ఉండాదవ్వా అంటాది నీ కూతురు. నాకు గుండె జారిపోయింది. ఏం చేసినావమ్మా?"

ఆలస్యమవుతుందని ఆఫీసు నుంచి ఫోన్ చేసినప్పుడు, మధ్యలో యజమానితో నేనన్న జైలు మాట కూతురు విన్నట్టుంది. నవ్వి, అది ఆఫీసు మాట అని పిల్లల్ని లోపలికి తీసుకెళ్లాను. ఏం చేశానో చెప్పినా ఆమెకు అర్థం కాదు. పలమనేరులో పాల కేంద్రంలో పనిచేసే మా ఆయనకు ఫోన్ చేశాను. అంతా విని, తిన్నావా అని అడిగాడు. ఆదివారం వస్తానన్నాడు.

పిల్లలు పడుకున్నాక నోటుబుక్కులో రాసుకుంటూ పోయాను. ఫ్రీబీఎస్‌డీ జైలులో గోడ పెంకుల దాకా ఉంది. లోపలివాళ్లకు తమ పనులే కనిపిస్తాయి, లోపలి పెత్తనం లోపలే. కానీ కంప్యూటర్ శక్తి నీళ్లలాంటిది, ఒక పోర్షన్ వాళ్లు మోటారు ఆపకుండా తోడుకుంటే మిగతావాళ్లు ఎండిపోవాల్సిందే, ఆపేవాళ్లు లేరు. సొలారిస్ అనే మరో సిస్టమ్‌లోని జోన్లలో ఎవరి నీళ్ల వాటా వాళ్లకు కట్టేయొచ్చు. అయితే ఆ ఇల్లే నాకు కొత్త, దానికి మా పాత కంప్యూటర్ చాలదేమో. లినక్స్‌లోనూ అలాంటి గోడలు కట్టే వీసర్వర్ ఉంది. దానికి సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌నే విప్పి అతుకు వేయాలి, కెర్నెల్ మారినప్పుడల్లా కొత్త అతుకు కోసం కాచుకోవాలి. వీటిలో ఏది కట్టినా లోపలి పోర్షన్లన్నిటికీ పునాది మాత్రం ఒకటే కెర్నెల్. అది కూలితే అందరూ కూలుతారు.

ఇందులో ఒక్క ముక్క వినే మనిషి ఊళ్లో లేరు. పక్క పోర్షన్‌లో ఎవరో దగ్గారు, మా గదిలోనే దగ్గినట్టు. ఇంతమంది ఊపిరి వినబడే చోట ఇంత ఒంటరిగా ఉండొచ్చని అప్పటిదాకా అనుకోలేదు. చివర్న రాశాను: జైలు. సోమవారానికి, శుక్రవారానికి కాదు. ఆ పేర్లున్న జాబితా ఈలోపు తీసేయాలి. ఉద్యోగం గురించి రాయడానికి కలం ఎత్తి, పెట్టేశాను.

పొద్దున జడ వేస్తుంటే కూతురు అడిగింది, "అవ్వ మళ్లీ అడిగితే ఏం చెప్పాల?"

దాని తమ్ముణ్ణి కూడా దగ్గరికి పిలిచి చెప్పాను.

"జైలని చెప్పొద్దండి. మా అమ్మ ఒక తలుపు వేసేది మరిచిపోయింది, వేసేదానికి పోయింది అని చెప్పండి. రేపట్నించి నేను ఇంట్లోనే ఉన్నా, ఎందుకని అడగొద్దండి."