ఆదెమ్మ కట్టిన అంచనా

గొల్లపల్లె ఆదెమ్మకు ఒక జబ్బుందని ఆమె మొగుడు అంకన్న కనపడిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఏదైనా ఎందుకలా జరిగిందో తెలిసేదాకా ఆమెకు అన్నం సహించదు. పక్కింటి మేక పాలు తగ్గిస్తే ఈమె పోయి దాని మేత వాసన చూసి వచ్చేది. తర్లుపాడు స్టేషనుకు రైలు ఒక రోజు వేళ కన్నా ముందే వచ్చిందని తెలిసి, కారణం చెప్పమని గేటు కాసే మనిషిని పొద్దు గూకేదాకా వదల్లేదు.

ఆ జబ్బే ఆమెకు పేరు తెచ్చింది. గొర్రె నాలుగడుగులు వేస్తే చాలు, ఇది వానలకు నిలుస్తుందా, కొండ ఎక్కుతుందా, కట్టిన చూలు నిలుపుతుందా అన్నది చెప్పేసేది. కనిగిరి నుంచి, కురిచేడు నుంచి పొట్టేళ్ళ కోసం వచ్చేవాళ్ళు బేరానికి ముందు "ఆదెమ్మ చూసిందా?" అని అడిగేవారు. మనుషుల మీద మాత్రం ఆమె ఏనాడూ అంచనా కట్టలేదు. గొర్రె నడక అబద్ధమాడదు, మనిషి నడక ఆడుతుంది అనేది.

అలాంటి ఆదెమ్మ ఒక మనిషి నడక చూడాల్సి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి. ఆ వేసవిలో మాల్యాద్రి సెలవు మీద ఇంటికి వచ్చాడు.

మాల్యాద్రి ఆమె అన్న కొడుకు. తల్లి పోతే ఆదెమ్మే పెంచింది. మీసాలు వచ్చేదాకా మందకు ముందు నడిచినవాడు, ఒక రోజు ఉన్నట్టుండి కర్నూలు పోయి రిజర్వు పోలీసుల్లో చేరాడు. అక్కడ వాడి కాళ్ళ వడి చూసి అడ్డంకుల పరుగులో పెట్టారు. జిల్లా మొత్తంలో వాణ్ణి మించినవాడు లేడని పేరు. వచ్చే నెల మద్రాసులో, ఆ రాజధాని కిందికి వచ్చే అన్ని జిల్లాల పోలీసులకూ పెద్ద పోటీలు.

సంగటి ముద్ద ముందు పెట్టుకుని వాడు ఆ పరుగు ఎలాంటిదో చెప్పాడు. "ఏడు చుట్లు తిరగాల అత్తా. దారికి అడ్డంగా మొల ఎత్తున దూలాలుంటాయి. కాలు తగిలితే అవి పడవు, మనమే పడతాం. చుట్టుకొకసారి, దూలం దాటంగానే నీళ్ళ గుంట."

"పక్క నుంచి పోతే?"

"పోటీలోనుంచి తీసేస్తారు."

"ముందర ఏమన్నా పారిపోతా ఉంటుందా?"

"లేదు."

"వెనక ఏమన్నా తరుముతా ఉంటుందా?"

"ఏమీ లేదత్తా."

"మరి దేనికి రా?"

అంకన్న మూతి తుడుచుకుంటూ అందుకున్నాడు. "జీతమిచ్చి మరీ దూకిస్తాండారంట. మన పొట్టేళ్ళు ఊరికే దూకుతాండాయి, వాటికి చెప్పబాక."

మాల్యాద్రి నవ్వకుండా అసలు సంగతి చెప్పాడు. మొదటి ముగ్గురిలో ఒకడిగా వస్తే కర్నూలులోనే కొత్తవాళ్ళకు డ్రిల్లు నేర్పే పని ఇస్తారు. రాకపోతే వానలు పడే లోపల మన్యానికి పోయే జట్టులో వీడి పేరు ఉంటుంది. పోయినేడు ఆ జట్టులో పోయిన వాళ్ళు చలిజ్వరాలతో గడ్డిపరకల్లా తిరిగొచ్చారు. ఒకడు తిరిగి రానే లేదు. ఆ మాట విన్నాక ఆదెమ్మ మళ్ళీ పరుగు దేనికని అడగలేదు.

"నీ అంత వడి ఎవురికీ లేదంటివే, ఇంక భయమేంది?"

"నీళ్ళ కాడ పోతాంది అత్తా. దూలం అందరికన్నా ముందు దాటుతా. గుంట దాటినాక చూస్తే నాలుగు బారలు పోయి ఉంటాయి. ప్రతి చుట్టులోనూ అంతే. నీళ్ళంటే జంకుతాండావు అంటాడు జమేదారు. కంభం చెరువు ఈదినోణ్ణి, నాకు జంకేంది? పైగా వెనకొచ్చే వాళ్ళు నేను వాళ్ళను ఎక్కిరిస్తాండానని మాట్లాడడం మానుకున్నారు. నేనేం చేసినానో నాకే తెలీదు. గొర్రెను చూసినట్టు నన్ను చూడు. ఏంది లోపమో చెప్పు."

మర్నాడే వాగు ఒడ్డున రెండు పలకరాళ్ళు నిలబెట్టి, మీద వేపదూలం పెట్టించింది. వేసవి గనక వాగు పాయ సన్నగా పారుతోంది, సరిగ్గా గుంట వెడల్పు. మాల్యాద్రి పొలం గట్టు నుంచి పరిగెత్తుకొచ్చి, దూలం మీదుగా లేచి, పాయకు అవతల దిగి, ఇసుకలో సాగిపోయాడు. మళ్ళీ వచ్చాడు. ఆదెమ్మ మొదట వాడి పాదాలు చూసింది. తర్వాత మోకాళ్ళు చూసింది. వంగి తొడల కింద గాలి ఎలా ఉందో కూడా చూసిందని అంకన్న తర్వాత ఊరంతా చెప్పాడు. ఎక్కడా వంక కనపడలేదు. వాడు దూకినప్పుడల్లా జింకపిల్లలా ఉన్నాడు. అయినా అవతల గట్టు ఎక్కేటప్పటికి ఆ వడి సగం అయిపోతోంది. అది మాత్రం ఆమెకూ తెలిసింది.

రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

మూడో రోజు మార్కాపురం నుంచి మగ్దలీనమ్మ వస్తోంది. మిషను బడిలో పిల్లలకు చదువు చెప్పే ఆమె వాగు దాటి పాలెం పోవాలి. ఎండకు గొడుగు పట్టుకుని, ఈ వింత చూసి గట్టు మీద నిలబడింది. మాల్యాద్రి దూకాడు, పోయాడు.

"ఆదెమ్మక్కా, ఎవురి కోసం చూస్తాండాడు పిల్లోడు?" అంది మగ్దలీనమ్మ.

"ఎవురి కోసం చూసేదేంది?"

"నీళ్ళు దాటంగానే వెనక్కి తిరిగినాడు గదా. ఎవురన్నా వస్తారేమోనని నేనూ తిరిగి చూస్తి."

"నీళ్ళు దాటినాక చూడరా మరి?" అంది ఆదెమ్మ, పొద్దు తూర్పున పొడవదా అన్నట్టు.

మగ్దలీనమ్మ గొడుగు కిందికి దించింది. "నువ్వొకసారి దాటు అక్కా."

ఆదెమ్మ చీర ఎత్తి పట్టుకుని పాయ దాటింది. అవతల కాలు పెట్టగానే మెడ తిరిగింది. మగ్దలీనమ్మ గొడుగు పక్కన పెట్టి మరీ నవ్వింది.

ఆదెమ్మ అవతలి ఒడ్డున అలాగే నిలబడిపోయింది. మందకు ముందు ఒకరు, వెనక ఒకరు నడుస్తారు. ముందు మనిషి నీళ్ళు దాటగానే తిరిగి గొర్రెలను కేక వేసి పిలవాలి. నడి నీళ్ళలో ఒక్కటి బెదిరితే మంద మొత్తం బెదిరి కొట్టుకుపోతుంది. ఆరేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడే మాల్యాద్రికి అది నేర్పారు. తనకూ అలాగే నేర్పారు. తనూ రోజూ చేసే పని గనకే మూడు రోజులు కళ్ళు పెట్టి చూసినా ఆమెకు అది తప్పుగా కనపడలేదు.

కారణం దొరికింది గానీ పని కాలేదు. చూడవద్దంటే మాల్యాద్రి పళ్ళు బిగబట్టి దూకాడు. మెడ నిలిచింది, కాలు తడబడింది, ఇసుకలో బోర్లా పడ్డాడు. మళ్ళీ దూకితే మెడ దాని పని అది చేసుకుపోయింది.

"మెడకు వెదురుబద్ద కట్టండి," అన్నాడు అంకన్న. "మద్రాసోళ్ళు చూసి వాళ్ళూ కట్టుకుంటారు."

"నువ్వు గమ్మునుండు మామా," అన్నాడు మాల్యాద్రి, ఇసుక ఉమ్మేస్తూ.

సాయంత్రం మంద ఇంటికి మళ్ళింది. ఆదెమ్మ ముందు దాటింది, తిరిగి చూసింది, తిరిగినందుకు తనను తానే తిట్టుకుంది. అలా తిరిగి ఉండగానే చివరి గొర్రె వెనక అంకన్న కనపడ్డాడు. భుజం మీద ఆ పొద్దే పుట్టిన గొర్రెపిల్ల. పాయ దాటాడు, గట్టెక్కాడు, ఎటూ చూడకుండా ఆమెను దాటి పోయాడు.

"నువ్వెందుకు చూడలేదు?" అని వెంటపడింది.

"ఏంది చూసేది? నా వెనక ఇంకేముంది?"

ఆదెమ్మ నిలబడి ఆలోచించింది. పెళ్ళయినప్పటి నుంచి మంద వెనక నడిచిన మనిషి. మరుసటి పొద్దున మాల్యాద్రిని మంద వెనక వదిలి, అన్నీ దాటాక దూకమంది. వాడు దూకాడు. మెడ కదల్లేదు. కాలు నేలకు దిగీ దిగకముందే లేచిపోయింది. ఇంకో నాలుగుసార్లు దూకించి, ఆమె వాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టింది.

"విను అబ్బయా. ముందర పోతే నువ్వు ఏడుసార్లు తిరుగుతావు. ఏడు నీళ్ళు అయ్యేదాకా అందరికన్నా వెనక ఉండు. కడాకరి గుంట దాటినాక నీ ఇష్టం."

"వెనక ఉండి గెలిచేదేంది అత్తా? కడాకరి గుంటకీ గీతకీ మధ్య ఎంతుంటుందనుకున్నావు?"

"గెలుస్తావని నేను చెప్పలేదే. మొదటోడివి కావు. ఆ కొంచెం నేలలో అందరినీ దాటలేవు. మూడోవాడివి అవుతావు."

"ముందర పోతే?"

"ముందర పోతే మొదటోడివైనా కావచ్చు, ఆరోవాడివైనా కావచ్చు. అది నేను చెప్పలేను."

మాల్యాద్రి గులకరాయి ఒకటి నీళ్ళలోకి విసిరాడు. జిల్లాలో వెనక పరిగెత్తడం అంటే ఏమిటో వాడికి తెలియదు. "చూస్తాలే," అన్నాడు. రైలెక్కేటప్పుడు కూడా ఏం చేస్తాడో చెప్పలేదు. ఆదెమ్మ కూడా మళ్ళీ అడగలేదు. అడగకుండా ఉండటం ఆమెకు అదే మొదటిసారి.

ఇరవై రోజుల తర్వాత వాడు దొడ్డి దగ్గరకు వచ్చి నిలబడేటప్పటికి ఆమె గొర్రెకు పుండు కడుగుతోంది. మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోయింది.

"రెండు చుట్లు ముందర పోయినా," అన్నాడు వాడే. "రెండుసార్లూ తిరిగినా. జనం నవ్వినారు. మూడో చుట్టులో నీ మాట గుర్తొచ్చి అందరినీ పోనిచ్చినా. వెనక ఎంత సుఖంగా ఉందో అత్తా, ఊపిరి కూడా సరిగ్గా ఆడింది."

"కడాకరి గుంట కాడ?"

"నా ముందరోడు నీళ్ళల్లో పడినాడు."

ఆదెమ్మ గుడ్డ పిండటం ఆపింది. "నువ్వు?"

"వాడి మీదుగా దాటినా. దాటినాక తిరిగినా. ఒకడు వెనక మిగిలినాడు గదా. వాడు లేచేదాకా చూసినా, ఆ తర్వాత పోయినా."

"ఎన్నోవాడివి?"

"మూడు. కర్నూలులోనే ఉండమన్నారు."

ఆమె గొర్రెను వదిలేసి కూర్చుంది. అంకన్న లోపలి నుంచి వచ్చి, విషయం విని, చుట్ట వెలిగించుకోవడం మరచిపోయి నోట్లో పెట్టుకున్నాడు.

"తిరగకపోతే?" అంది ఆదెమ్మ.

"రెండు."

"పోనీలే. వాడికి దెబ్బేమన్నా తగిలిందా?"

"మోకాలు చెక్కుకుపోయింది. అంతే."

ఆదెమ్మ తలూపింది. చేతులు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని, మళ్ళీ వాడి వైపు తిరిగింది.

"మొదట వచ్చినోడు యాడోడు రా? వాళ్ళేం మేపుతారు?"

"ఏం మేపరత్తా. సముద్రం ఒడ్డున ఊరంట. చేపలు పట్టే వాళ్ళు."

"వాడు నీళ్ళు దాటంగానే ఎటు చూస్తాడు?"

మాల్యాద్రి ఆలోచించి, తను చూడలేదని చెప్పాడు. చూసి రావాల్సింది కదా అని ఆమె చాలాసేపు విసుక్కుంది.