అక్క నేర్పిన ఎక్స్‌పాత్

మొన్న పొద్దున రేణిగుంటలో రైలు దిగుతుంటే ఆఫీసు స్నేహితురాలు ఫోన్ చేసింది. "అక్క పోయింది మే" అని ఫోన్ పెట్టేసింది. ఏ అక్క అని నేను అడగలేదు. మా ఆఫీసులో అందరికీ అక్క అంటే మా టీమ్ లీడే.

తిరుపతిలో పుస్తకాలను వెబ్ పేజీలుగా మార్చే చిన్న ఆఫీసు మాది. పుస్తకం ట్యాగులతో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా వస్తుంది. ఏ భాగం ఎలా కనిపించాలో చెప్పేది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్. కావలసిన భాగానికి దారి చూపేది ఎక్స్‌పాత్. ఆ దారిలో చదరపు బ్రాకెట్ల మధ్య రాసే షరతును ప్రెడికేట్ అంటారు. ఇవన్నీ నాకు నేర్పింది అక్కే. పక్కన కూర్చునేది కానీ నా కీబోర్డు ముట్టుకునేది కాదు. "నీ చేత్తో కొడితేనే నీకొస్తాది" అనేది.

కొత్తలో ఒకసారి, పుస్తకం మొదటి పేరాకు పెట్టాల్సిన పెద్ద అక్షరం ప్రతి అధ్యాయం మొదట్లోనూ వచ్చి కూర్చుంది. అక్క పడీ పడీ నవ్వింది.

"బస్టాండులో ప్లాట్‌ఫారాల మీద మొదటి బస్సు సూపించమంటే ఏం సేస్తావు? ఒక్కో ప్లాట్‌ఫారానికి ఒకటి సూపిస్తావు. మొత్తానికీ ఒకటే కావాలంటే ముందు అన్నిటినీ గుండ్రటి బ్రాకెట్లో పెట్టి, అప్పుడు మొదటిది అడగల్ల."

ఆ తర్వాత నర్సుల కోసం రాసిన మందుల పుస్తకం వచ్చింది. ప్రతి మందు కిందా దాని హెచ్చరిక రావాలి. స్టైల్‌షీట్ ఏ ఎర్రరూ చూపలేదు, పేజీలు ముచ్చటగా వచ్చాయి. పంపబోతుంటే అక్క స్క్రీన్ మీదకు వంగింది.

"హెచ్చరికలు యాడ మే?"

ఒక్కటీ లేదు. గర్భిణులకు ఇవ్వకూడదన్న మాట కూడా లేదు. హెచ్చరికలో రాసిన మందు నంబరు ఈ మందు ఐడీతో కలిస్తే తెమ్మని బ్రాకెట్లో నేను రాసిన షరతు తెరిచాను.

"నువ్విప్పుడు యాడ నిలబడుండావు?" అంది నెమ్మదిగా.

"మందు దగ్గర అక్కా."

"బ్రాకెట్ లోపలికి పోయినాక?"

"అప్పుడూ మందు దగ్గరే కదక్కా."

"ఆడ నువ్వు హెచ్చరిక దగ్గర ఉండావు. కాంటెక్స్ట్ నోడ్, అంటే నువ్వు నిలబడిన చోటు, మారిపాయె. ఐడీ అంటే హెచ్చరిక ఐడీనే, మందుది కాదు. బయట వదిలేసొచ్చిన మందు కావాలంటే కరెంట్ అనే ఫంక్షన్‌ని పిలవల్ల."

ఆ ఒక్క మాట చేర్చగానే హెచ్చరికలన్నీ వాటి వాటి మందుల కింద కనిపించాయి. ఈలోగా మేనేజరు వచ్చి, ఇవాళే పంపాలి కదమ్మా అన్నాడు.

"నర్సమ్మలు సదివి మందిచ్చేది సార్ ఇది. అంతా ఒకసారి సూసి రేపిస్తాం" అంది అక్క. నా పేరు ఎత్తలేదు. ప్రతి పేజీ నాతో కలిసి చదివింది.

పోయినేడు ఆమెకు క్యాన్సర్ అని తెలిసింది. చివరిసారి చంద్రగిరిలో వాళ్లింటికి వెళ్లేసరికి, ఇంటి ముందు ఖాళీ జాగాలో స్కూటర్ నడుపుతోంది. జుట్టు రాలిన తలకు చున్నీ చుట్టుకుంది. చికిత్సతో చేతుల్లో పట్టు తప్పిందట, మళ్లీ అలవాటు చేసుకుంటోంది. వెనకే భర్త పరుగు.

"సాలు, దిగు!"

"నువ్వు కూసో. నేనింకో సుట్టు ఏసొస్తా."

కోట మీద సాయంత్రపు ఎండ పడుతోంది. మలుపులో ఒక చెయ్యి వదిలి నావైపు ఊపింది. బండి కాస్త వణికింది. నవ్వుతూ నిలదొక్కుకుని ముందుకు పోనిచ్చింది.