ఉరకనన్నందుకు పంచిన బెల్లం

ఇయ్యాల మా వాడకట్టంతా బెల్లం పంచిన. ఎందుకో చెప్తే నవ్వుతరు, అయినా చెప్త.

మా చిన్నోడు మల్లేశం జహీరాబాద్ నుంచి ఝరాసంగం దాకా పెట్టే పరుగుపందెం మీద పానం పెట్టుకున్నడు. మొన్న బండి మీదికెళ్లి దుంకితే మోకాలు బెణికింది. ఇప్పుడే ఉరికితే కాలు జన్మంతా సతాయిస్తదని దవాఖానల డాక్టరు చెప్పిండు. వాడు వింటేనా! ఇయ్యాల పొద్దుగాల్నే మోకాలికి పట్టీ కట్టుకొని ఉరుకుతందుకు బయలెల్లిండు.

నేను అప్పుడు ముంగాలుకు దెబ్బతాకిన మా ఎద్దు రాముణ్ణి దున్నిన మెత్తటి చేన్ల మెల్లగ నడిపిస్తున్న. గట్ల దెబ్బతాకిన ఎద్దును మేం కాడికి కట్టం, రోజూ ఉత్తగ నడిపిస్తం.

వాడు గట్టు మీద ఆగి అడిగిండు: "నాయినా, రాముణ్ణి బండికి ఎప్పుడు కడ్తవ్?"

"కుంటుడు పూర్తిగ పోయినంక."

"చెరుకు కోతలు ముంగటనే ఉన్నయి గద?"

"ఉంటే? ఒక్క యేడు కోతల కోసం ఎద్దును పాడుచేసుకుంటనా బిడ్డా?"

వాడు చేన్లకు దిగి నా చేతిల పగ్గం తీసుకున్నడు. "ఇయ్యి నాయినా. ఇద్దరు కుంటోళ్లం కలిసి నడుస్తం. పందెం వచ్చే యేడు చూసుకుంట."

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. వాడు ఉరుకుతుంటే చూడాలని నాకు మాత్రం ఉండదా!

"కొడుకు గెలిస్తే పంచేటోళ్లను చూసిన గానీ, ఉరకనన్నందుకు పంచేటోణ్ణి ఈయన్నే చూస్తున్న" అని మా ఇంటామె వాడకట్టోళ్ల ముంగట ఒకటే నవ్వుడు.

మీరే చెప్పున్రి, కొడుకు కాలు దక్కినందుకు బెల్లం పంచుడు తప్పా?